జార్జి వాషింగ్టను: మూడు క్రిస్మస్ పండుగలు

సంక్రాంతికి నెలదినములు ముందుగనే మన కార్యాలయములలో సెలవు అర్జీలు పోగగుట మొదలగును. ఊరు విడిచి ఇంతదూరము వచ్చి ఉద్యోగము చేయుచున్న తెలుగువారికి పండుగనాడు స్వగ్రామమున నుండవలెనను కోరిక ఎంత గాఢమైనదో ఆ అర్జీలను చూచువారికి తెలియును. మా శాఖలో గుంటూరు జిల్లాకు చెందిన క్రైస్తవ మిత్రుడొకడు కలడు. ఆతని తమ్ముడు సైన్యములో నున్నాడు. క్రిస్మస్‌నాడు ఇంటిల్లిపాదియు భోజనమునకు కూర్చుండునపుడు వారి తల్లి ఆ చిన్నకుమారునికి కూడ ఒక విస్తరి వేసి, కొంతసేపటికి మాటలాడకుండ దానిని తీసివేయునట. ఆ సంగతి విన్ననాటినుండి క్రిస్మస్ వచ్చినపుడెల్ల నాకు జార్జి వాషింగ్టను జీవితము జ్ఞప్తికి వచ్చుచుండును. అమెరికా సంయుక్త రాష్ట్రముల మొదటి అధ్యక్షుడుగ ఆయన లోకవిఖ్యాతుడు. కాని ఆయన జీవితములోని మూడు క్రిస్మస్ పండుగలను వరుసగ చూచినచో, ఇంటికి దూరముగ నుండు సైనికుని కష్టమెట్టిదో, ఆ కష్టమునకు దేశము పడు ఋణమెట్టిదో తేటపడును.

వాషింగ్టను 1732వ సంవత్సరము ఫిబ్రవరి 22వ తేదీన, నాడు ఇంగ్లండు వలసరాజ్యముగ నున్న వర్జీనియాలో జన్మించెను. పదునొకండవ యేట తండ్రి గతించెను. కళాశాల విద్యకు అవకాశము లేకపోయినది. పదునేడేండ్ల ప్రాయముననే భూమి కొలతల ఉద్యోగమున ప్రవేశించి, అడవులలో గొలుసుపట్టి కొలుచుచు, ఆరుబయట నిద్రించుచు దేహమును కష్టమునకు అలవరచుకొనెను. మనము బాల్యమున చదివిన చెర్రీచెట్టు కథ మాత్రము ఆయన మరణించిన పిమ్మట ఒక జీవితచరిత్రకారుడు కల్పించినది. ఆయన గుణమును తెలుపుటకు అట్టి కల్పన అవసరము లేదు. 1755లో ఫ్రెంచివారితో జరిగిన పోరాటమున బ్రాడక్ సేనాపతి క్రింద పనిచేయుచు, తాను ఎక్కిన గుఱ్ఱములు కూలిపోయినను, కోటునకు తూటాలు తగిలినను చెదరక, మిగిలిన సేనను వెనుకకు నడిపించెను. 1759వ సంవత్సరము జనవరి 6వ తేదీన మార్తా కస్టిస్ అను వితంతువును వివాహమాడి, పొటోమాక్ నదీతీరమున నున్న మౌంట్ వెర్నన్ గృహమున స్థిరపడెను. పొలము, పంట, గుఱ్ఱములు, ఇంటికి వచ్చు అతిథులు, ఇవియే ఆయనకు ప్రీతి. ఆ ఇల్లు విడిచిపోవలెనని ఆయన ఏనాడును కోరుకొనలేదు.

అయినను పోవలసివచ్చెను. 1775వ సంవత్సరము జూన్ 15వ తేదీన వలసరాజ్యముల ప్రతినిధుల సభయగు కాంగ్రెసు ఆయనను సర్వసేనానిగ నెన్నుకొనెను. జీతము తనకు వలదనియు, అగు ఖర్చులకు లెక్క వ్రాసియుంచెదననియు, వానిని మాత్రము ఇప్పించిన చాలుననియు ఆయన సభకు విన్నవించెను. ఆ సంవత్సరము మే నెలలో ఇల్లు విడిచినవాడు తిరిగి ఆ గడప త్రొక్కినది 1781 సెప్టెంబరులో. అదియు యుద్ధయాత్ర మధ్య కొలది దినములు మాత్రమే. ఆరేండ్లకు పైబడి ఆయనకు ఇల్లన్నది ఉత్తరములలోని మాటగనే యుండెను.

మొదటి పండుగ 1776వ సంవత్సరమునాటిది. జూలైలో స్వాతంత్ర్యప్రకటన జరిగినదే కాని ఆగస్టునుండి అన్నియు పరాజయములే. న్యూయార్కు చేజారెను. నవంబరులో తన పేరనే వెలసిన కోట పడిపోయి, 2,800 మంది సైనికులు శత్రువుల చేజిక్కిరి. మిగిలినవారితో న్యూజెర్సీ రాష్ట్రమును దాటి, డెలవేరు నది కావలి యొడ్డు చేరుసరికి సేన చిక్కి సగమయ్యెను. అంతకంటె పెద్ద చిక్కు మరియొకటి కలదు. సైనికులలో పెక్కుమంది ఒప్పందము డిసెంబరు 31వ తేదీతో ముగియును. జనవరి మొదటిదినమున సేన యను పేరునకు తగినదేదియు మిగులదు.

డిసెంబరు 25వ తేదీ రాత్రి ఆయన నది దాటుటకు నిశ్చయించెను. న్యూ ఇంగ్లండు ప్రాంతపు సైనికులలో పెక్కుమంది పూర్వాచారమును బట్టి క్రిస్మస్‌ను అంతగ పాటించెడివారు కారు. వర్జీనియావారికో, అది బంధుమిత్రులతో పలుదినములు సాగు పండుగ. ఎవరి ఆచారమెట్లున్నను ఆ రాత్రి అందరును ఒకే నదిలో, ఒకే చలిలో నుండిరి. సుమారు 2,400 మంది సైనికులును, పదునెనిమిది ఫిరంగులును, గుఱ్ఱములును దాటవలెను. ఇనుము మోయుటకు వాడు పెద్ద పడవలను సేకరించిరి. వానిని నడిపినవారు మార్బుల్‌హెడ్ రేవునుండి వచ్చిన జాలరులు. నదిలో మంచుగడ్డలు కొట్టుకొని వచ్చుచుండెను. నడిరేయికి ముందు వడగండ్లతో కూడిన తుపాను మొదలయ్యెను. అర్ధరాత్రికి ముగియవలసిన పని తెల్లవారుజామున మూడు గంటలకు గాని ముగియలేదు. వేరుచోట్ల దాటవలసిన రెండు దళములు మంచువలన అనుకొన్నట్లు రాజాలకపోయినవి. ఆ సంగతి వాషింగ్టనుకు తెలియదు. తెలిసినను వెనుకకు మరలుటకు వ్యవధి లేదు.

అచ్చటినుండి ట్రెంటన్ పట్టణము తొమ్మిది మైళ్ళు. పెక్కుమందికి జోళ్ళు లేవు. పాదములకు పాతగుడ్డలు చుట్టుకొని నడచిరి. మంచుపై నెత్తుటి గురుతులు పడినవి. ఆ మార్గమున ఇద్దరు చలికి ప్రాణములు విడిచిరి. ఉదయము ఎనిమిది గంటలకు దాడి జరిగి, గంటన్నర కాలములో ముగిసెను. సుమారు 900 మంది శత్రుసైనికులు పట్టుబడిరి. వాషింగ్టను పక్షమున ఆ పోరులో మరణించినవారు లేరు. గాయపడినవారిలో నొకడగు జేమ్స్ మన్రో అను యువకుడు తరువాత దేశమునకు అయిదవ అధ్యక్షుడయ్యెను.

ఈ ఘట్టమును 1851లో లాయిట్జ అను చిత్రకారుడు గొప్ప చిత్రముగ వ్రాసెను. అందు పడవలో నిలిచిన సేనాని వెనుక నక్షత్రములుగల పతాకమెగురుచుండును. ఆ పతాకము నిజమునకు 1777 జూన్ వరకు పుట్టనేలేదు. చిత్రము సేనానిని చూపినది. చలికి మరణించిన ఆ యిద్దరికి చిత్రము లేదు.

ఎదుటి పక్షమువారిని గూర్చియు ఒకమాట చెప్పుట న్యాయము. ట్రెంటన్‌లో నున్నవారు హెస్సియన్లు. తమ పాలకులు ఇంగ్లండు రాజునకు కిరాయికిచ్చిన జర్మను సైనికులు. పండుగనాడు త్రాగి మత్తులో పడియుండిరని చాలకాలము చెప్పుకొనిరి. కాని అది సరికాదని చరిత్రకారులు తేల్చిరి. దినదినము చిన్నచిన్న దాడులవలన నిద్రలేక అలసిపోయిన మనుష్యులు వారు. వారి నాయకుడగు రాల్ గాయపడి అచ్చటనే మరణించెను. సముద్రములు దాటివచ్చి, తమది కాని కలహమున, తమది కాని నేలపై వారు ఒరిగిరి. ఆంగ్ల సేనానియగు కారన్‌వాలిస్ అస్వస్థురాలగు భార్యను చూచుటకు సెలవుపై ఇంగ్లండునకు పయనమగుచుండగా, ట్రెంటన్ వార్త వచ్చి ఆ సెలవు రద్దయ్యెను. ఆమె 1779లో మరణించెను. ఈ కారన్‌వాలిసే 1786లో మన దేశమునకు గవర్నరు జనరలుగ వచ్చి, 1793లో బెంగాలున శాశ్వత శిస్తు పద్ధతి నెలకొల్పి, 1805లో గాజీపూరున కన్నుమూసెను. మన ఉత్తర సర్కారులకును ఆ పద్ధతి తరువాత వచ్చినది. సెలవు రద్దగు బాధ గెలిచినవారికిని ఓడినవారికిని ఒక్కటే.

విజయము లభించినది కాని ఒప్పందము గడువు తీరుచునే యుండెను. వాషింగ్టను సైనికులను వరుసగ నిలిపి, మరి ఆరువారములు ఉండినచో పది డాలర్ల బహుమానమిత్తునని చెప్పెను. భేరి మ్రోగెను. ఒక్కడును ముందుకు రాలేదు. ఆయన గుఱ్ఱమును త్రిప్పుకొని తిరిగివచ్చి, వారు పడిన శ్రమను మెచ్చుకొని, ఇప్పుడు వారు తప్ప దేశమునకు వేరు దిక్కులేదని అనునయముగ చెప్పెను. ఒకరి మొగము నొకరు చూచుకొని, ఒక్కరొక్కరే ముందుకు వచ్చిరి. ఇంటికి పోవుటకు సర్వహక్కులు గల మనుష్యులు వారు. ఆజ్ఞవలన కాదు, అభ్యర్థనవలన నిలిచిరి. ట్రెంటన్ గెలుపుకంటె ఇదియే పెద్ద గెలుపని నాకు తోచును.

రెండవ పండుగ 1777వ సంవత్సరమునాటిది. ఆంగ్లేయులు ఫిలడెల్ఫియా నగరమున వెచ్చగ విడిసియుండగా, వాషింగ్టను తన సేనతో డిసెంబరు 19వ తేదీన సుమారు ఇరువది మైళ్ళ దూరమున నున్న వ్యాలీ ఫోర్జ్ చేరెను. సుమారు పన్నెండువేల మందికి అచ్చట కప్పు లేదు. చెట్లు నరికి, పదునారడుగుల పొడవు, పదునాలుగడుగుల వెడల్పుగల గుడిసెలు కట్టుకొనవలెను. గుడిసెకు పన్నెండుమంది. మొదట కొలది దినములు సేనాని కూడ గుడారములోనే యుండెను. డిసెంబరు 23వ తేదీన కాంగ్రెసునకు వ్రాసిన జాబులో, బట్టలును జోళ్ళును లేక పనికి రాజాలనివారు 2,898 మంది కలరని ఆయన లెక్కతో సహా తెలిపెను. వెచ్చని గదిలో పొయ్యిచెంత కూర్చుండి ఆక్షేపణలు వ్రాయుట సులభమనియు, దుప్పటి లేక మంచుపై పరుండుట వేరనియు సూటిగ హెచ్చరించెను. కార్యాలయములో కూర్చుండి కాగితములపై అభిప్రాయములు వ్రాయు మనవంటివారు ఆ జాబును ఏడాదికొకమారైనను స్మరింపదగును.

దేశమున ధాన్యము లేకపోలేదు. బట్ట లేకపోలేదు. బండ్లు లేవు, బాటలు బురదమయము, సరఫరా శాఖకు అధిపతి లేడు. కాంగ్రెసు అచ్చువేసిన కాగితపు డబ్బు విలువ పడిపోవుటచే, కొందరు రైతులు బంగారమునకు ఆశపడి ఆంగ్లేయులకే సరుకు నమ్ముకొనిరి. ఆ శిబిరమున సుమారు రెండువేల మంది మరణించిరి. వారిని చంపినది శత్రువు తూటా కాదు. టైఫాయిడు, జిగట విరేచనములు, న్యుమోనియా మున్నగు వ్యాధులు. తరువాత 1778 మార్చిలో నథానియేల్ గ్రీన్ సరఫరా భారమును వహించిన పిమ్మట పరిస్థితి చక్కబడెను. ప్రష్యానుండి వచ్చిన స్టాయిబెన్ సైనికులకు క్రమశిక్షణ నేర్పెను. జూన్‌లో శిబిరము విడుచునాటికి అది నిజమైన సేనయై యుండెను. అయితే ఫైలులో నిలిచిపోయిన ఒక్కొక్క కాగితమునకు ఎచ్చటనో ఒక ప్రాణము మూల్యముగ చెల్లినదని ఆ శిబిరము మనకు బోధించుచున్నది.

1781 అక్టోబరు 19వ తేదీన యార్కుటౌనులో కారన్‌వాలిస్ సేన లొంగిపోయెను. అయినను సంధికి రెండేండ్లు పట్టినది. జీతములందక ఉడికిపోవుచున్న అధికారులు 1783 మార్చిలో న్యూబర్గ్ శిబిరమున ప్రభుత్వము నెదిరింప నాలోచించిరి. వాషింగ్టను వారి సభకు వచ్చి హితవు చెప్పెను. వారి మనసులు కరగలేదు. పిమ్మట ఒక ఉత్తరము చదువబోయి, అక్షరములు కనబడక, జేబునుండి కండ్లద్దములు తీసెను. అంతవరకు ఆయనను అద్దములతో చూచినవారు అరుదు. వారి సేవలో తన తల నెరసినదనియు, చూపు కూడ తగ్గినదనియు ఆయన చెప్పగా, పలువురి కన్నులు చెమ్మగిల్లినవి. తిరుగుబాటు అంతటితో చల్లారెను.

మూడవ పండుగ 1783వ సంవత్సరమునాటిది. యుద్ధము ముగిసినది. ఆయన ఫిలడెల్ఫియాలో ఎనిమిదేండ్ల ఖర్చుల లెక్కను స్వహస్తముతో వ్రాసినది సమర్పించెను. శిబిరమునకు భార్య వచ్చిపోయిన ప్రయాణపు ఖర్చులను అందు చేర్చుటకు మొదట సంకోచించెను. ప్రతి శీతకాలమున తాను ఇంటికి పోవుట మానుకొనినందున ఆమె రావలసివచ్చెనని కారణము చూపి, పిమ్మట చేర్చెను. తనిఖీ చేసిన అధికారి ఒక డాలరునకు లోపు మొత్తము సేనానికే ఇంకను రావలసియున్నదని తేల్చెను. డిసెంబరు 23వ తేదీన అనపోలిస్ నగరమున కాంగ్రెసు ఎదుట నిలిచి, తనకిచ్చిన అధికారపత్రమును తిరిగి యిచ్చివేసెను. కోరినచో రాజు కాగలవాడు సామాన్యుడై గుఱ్ఱమెక్కెను. మరునాడు, క్రిస్మస్ ముందుదినమున, మౌంట్ వెర్నన్ గడప చేరెను.

ఆ ఇంటికి ఆయనతో తిరిగివచ్చినవారిలో విలియం లీ యొకడు. యుద్ధకాలమంతయు సేనాని వెన్నంటి నడచిన బానిస. స్వాతంత్ర్యముకొరకు పోరాడిన మహనీయుని ఇంట వందలకొలది బానిసలుండుట ఆ జీవితములోని పెద్ద మచ్చ. దానిని దాచుట భావ్యము కాదు. ఎనిమిదేండ్లు అధ్యక్షుడుగ నుండి, 1799 డిసెంబరు 14వ తేదీన ఆయన మరణించినపుడు, తన సొంత బానిసలకు భార్య అనంతరము విముక్తి కలుగునట్లు మరణశాసనమున వ్రాసియుంచెను. విలియం లీకి మాత్రము వెంటనే విముక్తియు, ఏటేట ముప్పది డాలర్ల భరణమును ఏర్పరచెను. మార్తా తన మరణమువరకు ఆగక 1801 జనవరి మొదటి తేదీననే మిగిలినవారిని విడుదల చేసెను.

సామాన్య సైనికుల సంగతి? 1783లో జీతమునకు బదులు పత్రములతో వారిని ఇంటికి పంపిరి. ఆకలికి తాళలేక పెక్కుమంది ఆ పత్రములను వ్యాపారులకు అతి స్వల్పమునకు అమ్ముకొనిరి. పేదలైన వృద్ధ సైనికులకు పింఛను నొసగు చట్టము 1818లో గాని రాలేదు. నాటికి డెలవేరు దాటినవారిలో ఎందరో మట్టిలో కలిసిపోయిరి. సేనాని కోరిక తీరి పండుగనాటికి ఇల్లు చేరెను. ఆయన వెంట నడచినవారి బాకీ ముప్పదియైదేండ్లు నిలిచిపోయినది.

అందుచేత పండుగ కానుకలు, మంచిమాటలు సైనికునికి పంపుట మంచిదే యైనను, అది చాలదు. ఆతని జోళ్ళు, ఆతని దుప్పటి, ఆతని జీతము, ఆతని కుటుంబమునకు రావలసిన పింఛను సకాలమున చేర్చుట మనవంటివారి చేతిలోని పని. గుంటూరు జిల్లాలోని ఆ తల్లి వేసి తీసివేయు విస్తరికి మన బల్లపై కాగితము ఆలస్యముకాకుండుటయే తగిన మర్యాద.