పేరు వదులుకున్న ఏరు

శ్రీకాకుళం నుంచి పాతపట్నం మీదుగా పర్లాకిమిడి వెళ్లేవారికి దారిలో మహేంద్రతనయ కనిపిస్తుంది. కొండల్లో పుట్టి, చిన్నచిన్న గెడ్డలను కలుపుకొని, పర్లాకిమిడి పక్కనుంచి దిగివస్తుంది. హిరమండలం ప్రాంతంలో గొట్టా బ్యారేజీకి ఎగువన వంశధారలో కలుస్తుంది. ఆ తరువాత దాన్ని మహేంద్రతనయ అనేవారుండరు. నీరు మాత్రం వంశధారతో కలిసి పొలాలను తడుపుతూ కళింగపట్నం దగ్గర సముద్రం చేరుతుంది. ఇదే పేరుగల మరో ఏరు బారువ వద్ద తన పేరుతోనే సముద్రంలో కలుస్తుంది, అది వేరు.

ఈ ఏటిని చూసినప్పుడల్లా పురుషోత్తమ చౌదరిగారు గుర్తుకు వస్తారు. ఆయన 1803లో పర్లాకిమిడి ప్రాంతంలోని మదనపురంలో, వంగదేశపు మూలాలున్న బ్రాహ్మణ కుటుంబంలో జన్మించారు. కొండలు, ఏళ్లు, వరిచేలు ఆయనకు బాల్యం నుంచీ తెలిసినవే. సృష్టి తన కర్తను చూపుతుందని పంతొమ్మిదవ కీర్తన, రోమా పత్రిక మొదటి అధ్యాయం మనకు నేర్పుతున్నాయి. అయితే సిలువను చూపడం కొండవల్ల గానీ ఏటివల్ల గానీ కాదు. ప్రకృతిలో దేవుణ్ణి చూశామని తృప్తిపడి ఆగిపోయే ప్రయాణికులు దీన్ని గమనించాలి. చౌదరిగారికి క్రీస్తును గూర్చిన వర్తమానం మనుషుల ద్వారానే అందింది. శ్రీకాకుళంలో హెలెన్ నాట్ అనే భక్తురాలి సహవాసం ఆయనకు ఎంతో తోడ్పడింది. 1833లో, ముప్ఫై ఏళ్ల వయసులో, ఒరిస్సాలో సేవచేస్తున్న బాప్టిస్టు మిషనరీల ద్వారా బాప్తిస్మం పొందారు.

ఆ రోజుల్లో ఒక బ్రాహ్మణుడు బాప్తిస్మం పొందడమంటే ఇల్లు, కులం, బంధువుల పంక్తిలో విస్తరి, అన్నీ పోగొట్టుకోవడమే. ఫిలిప్పీ పత్రిక మూడవ అధ్యాయంలో పౌలు తన వంశాన్నీ గోత్రాన్నీ నష్టం ఖాతాలో రాసుకున్నాడు. చౌదరిగారూ అదే లెక్క వేసుకున్నారు. అంతటితో ఊరుకోక 'కులాచార పరీక్ష' అనే పుస్తకం రాశారు. నేటికీ మన సంఘాల్లో ఒకే బల్ల దగ్గర రొట్టె విరిచి, పెళ్లి సంబంధం దగ్గరకు వచ్చేసరికి కులం అడిగేవారున్నారు. వారి చేతికి ఆ పుస్తకం అందితే బాగుండును!

తరువాత ఆయన జీవితమంతా సువార్త ప్రయాణమే. ఈ తీరాన 1893 తరువాత గానీ రైలు నడవలేదు, అప్పటికే ఆయన లేరు. ఆయన తిరిగినదంతా కాలినడకన, బండి బాటల్లోనే. వానాకాలంలో నాగావళి, వంశధార పొంగితే ఒడ్డున కాచుకోవలసిందే. అలా తిరుగుతూనే వందకుపైగా కీర్తనలు రచించారు. రాగ తాళాలు తెలిసిన పండితుడు గనుక పల్లవి, చరణాలతో మన నేల బాణీలోనే కట్టారు. 'నిస్తార రత్నాకరము' అన్నది ఆయన మరో గ్రంథం. రత్నాకరమంటే సముద్రం. రక్షణకు ఆయన ఎంచుకున్న పోలిక అది.

1890లో ఆయన ప్రభువునందు నిద్రించారు. మదనపురం ఉన్న పర్లాకిమిడి ప్రాంతం 1936లో ఒరిస్సా రాష్ట్రంలోకి వెళ్లింది. కీర్తనలు మాత్రం తెలుగు సంఘాలన్నిటిలోకీ వెళ్లాయి. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో పాట దగ్గర ఆయన పేరు చిన్న అక్షరాల్లో ఉంటుంది. కంఠతా వచ్చిన పాట గనుక పాడేవారిలో చాలామంది ఆ పేజీ తెరవనే తెరవరు.