డాక్టర్ల మనోగాయాన్ని పట్టించుకున్న రివర్స్

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా మెట్రో పిల్లర్ల వెంట కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు, వాటి మధ్యే ఆసుపత్రులు. పిల్లల్ని డాక్టర్లుగా చూడాలని ఎన్నో కుటుంబాలు ఇక్కడికి వస్తాయి. 2013 ఫిబ్రవరి 21 సాయంత్రం ఈ దిల్‌సుఖ్‌నగర్ రోడ్డు మీదే రెండు బాంబులు పేలాయి. 100 మందికి పైగా గాయపడ్డారు. బాధితుల గురించి అందరం మాట్లాడుకున్నాం. మరి ఆ రాత్రి వాళ్లకు కుట్లు వేసినవారి సంగతేంటి? ప్రాణం పోయిందని బయట నిలబడ్డ ఇంటివాళ్లకు చెప్పాల్సి వచ్చిన డాక్టర్ల మనసు ఏమైంది? ఇలాంటి ప్రశ్నను నూరేళ్ల కిందటే పట్టించుకున్న వైద్యుడు డబ్ల్యు.హెచ్.ఆర్. రివర్స్.

నత్తితోనే ఎదిగారు

రివర్స్ 1864లో ఇంగ్లండ్‌లోని కెంట్ ప్రాంతంలో పుట్టారు. తండ్రి నత్తిని సరిచేసే నిపుణుడు. కొడుకు నత్తి మాత్రం పూర్తిగా పోలేదు. 1886లో, 22 ఏళ్లకే లండన్‌లో వైద్య పట్టా అందుకున్నారు. ఆపై మనసు, నరాల మీద పరిశోధనకు మళ్లారు. 1901-02లో మన దక్షిణాదికి వచ్చి నీలగిరుల్లో తోడాల మధ్య గడిపి, వాళ్ల జీవితం గురించి 1906లో పుస్తకం తెచ్చారు.

పిరికితనం కాదు, గాయం

మొదటి ప్రపంచ యుద్ధంలో ఒంటి మీద దెబ్బ లేకపోయినా వణికిపోయే, నిద్రపట్టని, మాట పడిపోయిన సైనికులు వేలల్లో కనిపించారు. రివర్స్ శిష్యుడు చార్లెస్ మయర్స్ 1915లో లాన్సెట్ పత్రికలో దీన్ని షెల్‌షాక్ అని రాశారు. చాలామంది అధికారులకు అది పిరికితనంగానే తోచింది.

1916లో రివర్స్ ఎడిన్‌బరో దగ్గరి క్రెయిగ్‌లాక్‌హార్ట్ ఆసుపత్రిలో చేరారు. ఆయన రోగుల్లో ఆర్మీ డాక్టర్ కూడా ఉన్నారు. గాయపడ్డవారికి వైద్యం చేసి చేసి, మళ్లీ ప్రాక్టీసు పెట్టాలంటేనే బెదిరిపోయే స్థితికి చేరిన మనిషి ఆయన. మర్చిపొమ్మని చెప్పడం అప్పటి పద్ధతి. బలవంతంగా అణచిన జ్ఞాపకమే రాత్రి పీడకలై తిరిగొస్తుందని రివర్స్ గమనించారు. అలాగని రోజంతా దాన్నే తలచుకోమనలేదు. జరిగింది నెమ్మదిగా చెప్పించి, అందులో భరించగలిగే కోణాన్ని రోగి చూసేలా సాయపడ్డారు.

కోలుకున్నవారిని తిరిగి యుద్ధానికి పంపాల్సిన బాధ్యతా ఆయనదే. అది ఆయన్ను లోపల్లోపల నలిపేసింది. వినేవాడికీ విశ్రాంతి కావాలని ఆయన జీవితమే చెబుతుంది. 1922 జూన్ 4న, 58 ఏళ్ల వయసులో, పేగు హెర్నియాలో బిగుసుకుపోవడంతో కేంబ్రిడ్జిలో కన్నుమూశారు.

ఇప్పుడు యంత్రం ముందే చెబితే?

రివర్స్ దగ్గరికి రోగి వచ్చేసరికే మనసు దెబ్బతిని ఉండేది. నేటి పరిశోధకులు ముప్పును ముందే పట్టాలని చూస్తున్నారు. అమెరికాలో మిషిగన్ విశ్వవిద్యాలయం 2007 నుంచి కొత్త డాక్టర్లను గమనిస్తోంది. ప్రశ్నావళితో పాటు చేతిపట్టీతో నిద్ర, ఫోన్‌తో రోజువారీ మూడ్ నమోదు చేస్తారు. డ్యూటీ గంటలు, నిద్ర, పాత మనోవ్యథ, అండగా నిలిచే మనుషులు... ఇలాంటి వివరాల్లో ఏవి కలిస్తే ముప్పు పెరుగుతుందో మెషీన్ లెర్నింగ్ వెతికి పెట్టగలదు. అయితే అది చెప్పేది అవకాశం మాత్రమే, జబ్బు నిర్ధారణ కాదు. అక్కడి డాక్టర్ల వివరాలతో నేర్చుకున్న యంత్రాన్ని మన పీజీల మీద పరీక్షించకుండా నమ్మకూడదు కూడా.

అంతకన్నా పెద్ద చిక్కు ఇంకోటుంది. ఆ ఫలితం పై అధికారి చేతికి వెళ్తుందని తెలిస్తే ఏ జూనియర్ డాక్టరూ నిజం రాయడు. బలహీనుడన్న ముద్ర పడుతుందన్న భయం రివర్స్ కాలంలో ఉంది, నేడూ ఉంది. ముప్పు ఉందని చెప్పాక వినే మనిషి, దొరికే సెలవు, దాచిపెట్టే గోప్యత లేకపోతే ఆ లెక్కతో పనేముంది?

మీ ఇంట్లో డాక్టర్ ఉంటే...

పీడకలలు, ఉలికిపాటు, ఆసుపత్రి పేరెత్తితేనే తప్పించుకోవడం నెల దాటినా తగ్గకపోతే మానసిక వైద్యులను కలవమనండి. ఉచిత సలహాకు టెలి మానస్ నంబరు 14416. అంతకుముందు డ్యూటీ నుంచి రాగానే ఓ పది నిమిషాలు, సలహాలివ్వకుండా, చెప్పేది వినండి.