రేవు గుమాస్తా రామానుజన్ గారు

మద్రాసు రేవు కచేరీలో 1912 మార్చి 1వ తేదీన నెలకు 30 రూపాయల జీతముపై ఒక గుమాస్తా చేరినారు. ఆయనే శ్రీనివాస రామానుజన్ గారు. మేమును గుమాస్తాలమే గనుక ఆయన చరిత్రను అక్కడనుండి ఎత్తుకొన్నందుకు చదువరులు మన్నింతురు గాక.

ఆయన 1887 డిసెంబరు 22న ఈరోడులో పుట్టి కుంభకోణంలో పెరిగినారు. తండ్రిగారు బట్టల అంగడిలో గుమాస్తా. పదహారేండ్ల ప్రాయమున కార్ అను ఆంగ్లేయుని సూత్రముల గ్రంథము చేతపడినది. అందు నిరూపణలు పూర్తిగా లేవు. ఆ లోటే మేలైనది. ప్రతిదీ తానే సాధించుకొనవలసి వచ్చినది. తక్కిన పాఠములు మూలబడి స్కాలర్‌షిప్పు పోయినది. 1905లో ఇంట చెప్పకుండ విశాఖపట్టణం వెళ్లిపోయినారు. తరువాత మద్రాసులో ఎఫ్.ఏ. పరీక్ష కూడ తప్పినారు. మార్కుల చీటీ చూచి బెత్తము తీయు తండ్రులకు ఈ సంగతి తెలిసియుండుట మంచిది.

కాగితము కొనుటకు శక్తి చాలక పలకమీద లెక్క చేసి, మోచేతితో చెరిపి, ఫలితము మాత్రము నోటుబుక్కులో ఎక్కించేవారు. నెల్లూరు కలెక్టరు రామచంద్రరావు గారు నెలకు 25 రూపాయలిచ్చి ఆదుకొన్నారు గాని, ఒకరికి భారముగా నుండుట ఇష్టము లేక ఆయన ఉద్యోగము వెదకికొన్నారు.

రేవు కచేరీలో మేనేజరు నారాయణయ్యర్ గారు రాత్రులు తామును పలక పట్టుకొని ఆయన ప్రక్క కూర్చుండేవారు. చైర్మన్ స్ప్రింగ్ దొరగారు పూర్వము రైల్వే ఇంజనీరు. మాకిది కొంచెము గర్వమే. గుమాస్తా బల్లమీద సొంత లెక్కలు కనబడినప్పుడు పైవారు కసరుకొనక ఆదరించుట ఎంత అరుదో ఆఫీసులలో పనిచేయువారెల్ల ఎరుగుదురు. వారి ప్రోత్సాహముతోనే 1913 జనవరిలో హార్డీ పండితునకు ఉత్తరము వెళ్లినది. 1914లో ఆయన కేంబ్రిడ్జి చేరినారు.

అక్కడ ఒకనాడు స్వయముగా వంట చేసికొనుచుండగా, మిత్రులు మహలనోబిస్ గారు పత్రికలో పడిన లెక్క చదివినారు. వీధిలో ఇండ్లకు 1 మొదలు వరుస నంబరులు. ఒక ఇంటికి ఇటునున్న నంబరుల మొత్తము, అటునున్న వాని మొత్తము సమానము. ఇండ్లు 50కి పైన, 500కు లోపల. ఆ యిల్లేది? 288 ఇండ్లలో 204వది. రామానుజన్ గారు మూకుటిలో కూర కలియబెట్టుచునే, ఈ ఒక్కటే గాక ఇట్టి వీధులన్నిటికి చెల్లు సూత్రము చెప్పినారు. పిల్లలు 8 ఇండ్లతో మొదలుపెట్టవచ్చును: 6వ ఇంటికి ఇటు 15, అటు 15. మేము డ్యూటీ దిగి వచ్చుచు క్వార్టర్ల వరుసతో తంటాలు పడగా, 49 ఇండ్లకు 35వది కుదిరినది. ఆ రాత్రి భోజనము చల్లారినది.

1729 కథ అందరెరిగినదే. 1918లో రాయల్ సొసైటీ సభ్యత్వము వచ్చినది. కాని యుద్ధకాలము, శాకాహారము దొరకుట కష్టము, దానికి తోడు జబ్బు. 1919లో తిరిగివచ్చి, 1920 ఏప్రిల్ 26న 32 ఏండ్లకే మరణించినారు. చివరి యేడు మంచముపై వ్రాసిన కాగితములు 1976లో కేంబ్రిడ్జిలో బయటపడినవి. భార్య జానకమ్మ గారు మద్రాసులో కుట్టుపనితో జీవనము గడుపుకొని 1994 వరకు ఉన్నారు.