ఎండను కాడికి కట్టిన షూమన్

* 1913లోనే బొగ్గుకు పోటీగా సోలార్ ఇంజిను
* నైలు నది ఒడ్డున పత్తి చేలకు నీళ్లు
* యుద్ధం, చమురు దెబ్బకు మరుగున పడ్డ ప్రయోగం

పావగడ తాలూకా తిరుమణి వైపు వెళ్లొచ్చిన వాళ్లకి సోలార్ పలకలు కొత్త కాదు. కనుచూపు మేరా అవే. 13 వేల ఎకరాలు, 2,050 మెగావాట్లు. వానల్లేక, వేరుశనగ చేతికి రాక, బోర్లు ఎండిపోయి బెంగళూరు బాట పట్టిన ఊళ్లవి. ఏ ఎండ ఈ సీమను మాడ్చిందో ఆ ఎండకే ఇప్పుడు గిరాకీ. అయితే బొగ్గు లేకుండా ఎండతోనే పెద్ద ఇంజిను నడపొచ్చని వందేళ్ల కిందటే చేసి చూపించినాయన ఒకరున్నారు. పేరు ఫ్రాంక్ షూమన్. ఆయన ఎక్కడ గెలిచారో, ఎక్కడ ఆగిపోయారో తెలుసుకుంటే, బొగ్గు స్థానాన్ని సోలార్ భర్తీ చేయగలదా అన్న ప్రశ్నకు సగం జవాబు దొరుకుతుంది.

అద్దంతో మొదలు

షూమన్ 1862లో న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో పుట్టారు. తర్వాత ఫిలడెల్ఫియా చేరి, అక్కడి టకోనీలో స్థిరపడ్డారు. ఆయనకు పేరు, డబ్బు తెచ్చింది ఎండ కాదు, అద్దం. గాజు పలక లోపల ఇనుప తీగల వల ఉంచి తయారుచేసే అద్దానికి 1892లో పేటెంటు తీసుకున్నారు. పగిలినా ముక్కలు మీద పడవు. ఫ్యాక్టరీల పైకప్పులకు, కిటికీలకు అప్పట్లో అదో వరం. ఆ రాబడితో సొంత ప్రయోగశాల పెట్టుకున్నారు. ఒకరి దగ్గర చేయి చాచకుండా నచ్చిన పని చేసుకునే వెసులుబాటు అలా వచ్చింది.

1897లో ఇంటి దగ్గరే చిన్న సోలార్ ఇంజిను నడిపించారు. అద్దం మూత ఉన్న పెట్టెలు, వాటి లోపల నల్ల రంగు గొట్టాలు, గొట్టాల్లో ఈథర్. నీళ్లు మరగడానికి 100 డిగ్రీలు కావాలి. ఈథర్‌కు 35 డిగ్రీలు చాలు. ఎండ తగలగానే అది ఆవిరై బొమ్మంత ఇంజినును తిప్పేది. చూసేవాళ్లకు అది ఆటలా ఉండొచ్చు. షూమన్‌కు మాత్రం అందులో వ్యాపారం కనపడింది.

ముందే నడిచినవాళ్లు

ఈ ఆలోచన ఆయనతోనే పుట్టలేదు. ఫ్రాన్స్‌లో ఆగస్టిన్ మూషో 1878 పారిస్ ప్రదర్శనలో ఎండతో ఆవిరి యంత్రం నడిపి చూపించారు. బొగ్గు చౌక కావడంతో సర్కారు సాయం ఆగిపోయింది. అదే ఏడాది మన బొంబాయిలో, హైకోర్టులో డిప్యూటీ రిజిస్ట్రారుగా ఉన్న విలియం ఆడమ్స్ అద్దాలు పేర్చి ఆవిరి పుట్టించి, ఉష్ణదేశాల్లో వంటచెరకుకు, బొగ్గుకు బదులు ఎండ వాడొచ్చని పుస్తకమే రాశారు. ఇద్దరి పనీ ముందుకు సాగలేదు.

షూమన్ వాళ్ల కంటే ఒక అడుగు ముందుకేసి ఖర్చు లెక్క చూశారు. ఎంత వేడి పుట్టింది అన్నది కాదు, ఒక్కో హార్స్‌పవర్‌కు ఎంత ఖర్చయింది, బొగ్గు ఇంజినుతో పోలిస్తే గిట్టుబాటు అవుతుందా అన్నదే ఆయన లెక్క. 1908లో సన్ పవర్ కంపెనీ పెట్టారు. 1911 నాటికి టకోనీలో పెద్ద ప్లాంటు కట్టారు. ఈథర్ పక్కనపెట్టి నీళ్లే వాడారు. తక్కువ పీడనం ఆవిరితో నడిచే ఇంజినునూ సొంతంగా తయారుచేసుకున్నారు.

ఈజిప్టే ఎందుకంటే..

ఫిలడెల్ఫియాలో బొగ్గుకు కొదవ లేదు, ఎండ మాత్రం అంతంత మాత్రం. ఈజిప్టులో లెక్క తలకిందులు. ఏడాది పొడవునా ఎండే. బొగ్గు మాత్రం ఓడల్లో బయటి నుంచి రావాలి, ధర మండిపోయేది. పక్కనే నైలు నది, ఒడ్డున పత్తి చేలు. నీళ్లు తోడే యంత్రానికి అంతకన్నా మంచి చోటు ఏముంటుంది?

ఇక్కడో సూక్ష్మం ఉంది. సోలార్‌కు అప్పుడూ ఇప్పుడూ పెద్ద చిక్కు రాత్రే. చేనుకు నీళ్లు పెట్టే పనికి ఆ చిక్కు లేదు. పగలు తోడి కాలువలో వదిలితే చాలు.

లండన్‌లో పెట్టుబడి దొరికింది. బ్రిటన్ శాస్త్రవేత్త సి.వి. బాయ్స్ సలహాతో డిజైను మారింది. పొడవాటి దోనెల్లా వంచిన అద్దాలు, మధ్యలో నీటి బాయిలర్, సూర్యుడితో పాటు తిరిగే ఏర్పాటు. కైరో దగ్గర మాదిలో ఇలాంటివి అయిదు కట్టారు. ఒక్కోటి 204 అడుగుల పొడవు, 13 అడుగుల వెడల్పు. మొదట్లో ఎదురుదెబ్బ తగిలింది. జింకుతో చేసిన బాయిలర్లు వేడికి ఆగలేక కుంగిపోయాయి. వాటిని పీకేసి ఇనుపవి పెట్టారు. 1913లో ప్లాంటు నడిచింది. 50 హార్స్‌పవర్‌కు పైగా శక్తితో నిమిషానికి 22 వేల లీటర్లకు పైగా నైలు నీటిని చేలకు ఎత్తిపోసింది. కట్టడానికి బొగ్గు ఇంజిను కన్నా ఎక్కువ ఖర్చయినా, ఆ తర్వాత ఇంధనం ఖర్చంటూ లేదు.

అంతకుముందు మన దేశంలో సైన్యాధిపతిగా చేసిన కిచెనర్ అప్పుడు ఈజిప్టులో బ్రిటిష్ ప్రతినిధి. ప్లాంటు చూసి మెచ్చి సూడాన్‌లో 30 వేల ఎకరాల పత్తి తోట ఇవ్వడానికి ముందుకొచ్చారు. నైరుతి ఆఫ్రికాలోని తమ వలసలో ఇలాంటిదే కట్టించుకోవడానికి జర్మనీ సర్కారూ డబ్బు సిద్ధం చేసింది. షూమన్ లెక్క ఇంకా పెద్దది. సహారాలో 20,250 చదరపు మైళ్లలో ఈ అద్దాలు పరిస్తే 27 కోట్ల హార్స్‌పవర్ వస్తుంది. అప్పట్లో ప్రపంచమంతా వాడుతున్న ఇంధన శక్తికి అది సమానమని ఆయన అంచనా. మన లెక్కలో చెప్పాలంటే తుమకూరు జిల్లాకు అయిదింతల నేల.

యుద్ధం వచ్చింది.. చమురు గెలిచింది

1914 జులై ఆఖర్లో మొదటి ప్రపంచయుద్ధం మొదలైంది. మాదిలో పనిచేస్తున్న ఇంజినీర్లు ఎవరి దేశానికి వాళ్లు వెళ్లిపోయారు. ప్లాంటు విప్పేశారు. సూడాన్ పథకం కాగితాల్లోనే ఉండిపోయింది. 1916లో కిచెనర్ ఓడ మునిగి చనిపోయారు. ఓడిన జర్మనీకి వలసలే మిగల్లేదు. మరోవైపు బ్రిటన్ తన యుద్ధనౌకలను బొగ్గు నుంచి చమురుకు మార్చుకుంటూ, 1914లోనే పర్షియా చమురు కంపెనీలో సగానికి పైగా వాటా కొనేసింది. చమురైతే ఎక్కడికైనా మోసుకెళ్లొచ్చు, పగలూ రాత్రీ మండించొచ్చు. 1918 ఏప్రిల్ 28న షూమన్ గుండెపోటుతో కన్నుమూశారు. వయసు 56. యుద్ధం ముగియడానికి ఇంకో ఆరు నెలల పైచిలుకు ఉంది.

దోనె అద్దాలు మళ్లీ పెద్ద ఎత్తున కనిపించింది 1980ల్లో, అమెరికాలోని కాలిఫోర్నియా ఎడారిలో. అదే పద్ధతిలో 50 మెగావాట్ల ప్లాంటు 2014లో మన పక్కనే అనంతపురం జిల్లా పెద్దవడుగూరు మండలం నాగలాపురంలో మొదలైంది. పావగడలోవి వేరే రకం. అక్కడ ఆవిరి, ఇంజిను లేవు, పలకలోనే నేరుగా కరెంటు పుడుతుంది. పలకల ధర పడిపోవడంతో పందెంలో అదే ముందుకొచ్చింది.

మరి బొగ్గు పోతుందా?

2025 జనవరికల్లా దేశంలో సోలార్ సామర్థ్యం లక్ష మెగావాట్లు దాటింది. అయినా మనం వాడే కరెంటులో పదింట ఏడు పాళ్ల దాకా బొగ్గుదే. పొద్దు గూకగానే పావగడ పలకలు నిద్రపోతాయి, రాయచూరు శక్తినగర్ లాంటి థర్మల్ కేంద్రాలు లోడు మోస్తాయి. అక్కడ మండేదాంట్లో మన సింగరేణి బొగ్గూ ఉంది. పగలు నడిచే వ్యవసాయ మోటార్లను సోలార్‌కు మార్చడం షూమన్ చేసి చూపించిన పనే, తేలికైన పనే. రాత్రి కరెంటుకు బ్యాటరీలు, నీళ్లు పైకెత్తి నిల్వచేసే పంప్డ్ స్టోరేజీ కేంద్రాలు చాలినన్ని వస్తేనే బొగ్గు పొయ్యి ఆరుతుంది.

ఇంకొకటీ ఉంది. మాదిలో ఎండ యంత్రం ఉన్న చేలకే నీళ్లు పెట్టింది. పావగడలో చేలే పలకలకు ఇచ్చారు. ఎకరాకు ఏడాదికి 21 వేల రూపాయల కౌలుతో మొదలుపెట్టి, రెండేళ్లకోసారి 5 శాతం పెంచేలా రైతులతో ఒప్పందం చేసుకున్నారు. భూమి ఉన్నోళ్లకి కౌలొస్తుంది. ఆ చేలల్లో కూలికెళ్లి బతికినోళ్లకి పనే పోయింది. బొగ్గు ధరతో సోలార్ ధరను పోల్చేటప్పుడు ఆ కూలి లెక్కను కూడా కలపాల్సిందే.