ఫ్రాన్సిస్ ఓనీల్

ఫ్రాన్సిస్ ఓనీల్ (ఆగస్టు 28, 1848 - జనవరి 26, 1936) ఐర్లండులో జన్మించి అమెరికాలో స్థిరపడిన పోలీసు అధికారి, జానపద సంగీత సేకర్త. 1901 నుండి 1905 వరకు షికాగో నగర పోలీసు శాఖకు అధిపతిగా పనిచేశాడు. ఐరిష్ సంప్రదాయ సంగీతాన్ని విస్తృతంగా సేకరించి గ్రంథస్థం చేసినవారిలో ఈయన అగ్రగణ్యుడు.

బాల్యం, సముద్రయానం

ఐర్లండు మహాక్షామంతో అల్లాడుతున్న కాలంలో, కార్క్ జిల్లాలోని బాంట్రీ పట్టణ సమీపాన ట్రాలిబేన్ అనే పల్లెలో ఓనీల్ జన్మించాడు. ఇంట్లోనూ ఇరుగుపొరుగునా సంగీతం వింటూ పెరిగాడు. ఒక పొరుగు రైతు వద్ద వేణువు నేర్చుకున్నాడు. 1865లో, పదహారేళ్ళ వయసులో ఇల్లు విడిచి ఓడలో పనికి కుదిరాడు. పసిఫిక్ మహాసముద్రంలో ఈయన ప్రయాణిస్తున్న మిన్నెహాహా అనే ఓడ బేకర్ ద్వీపం వద్ద మునిగిపోయింది. నావికులను కాపాడిన నౌకలో తిండి కొరతగా ఉండేది. అందులోని ఒక హవాయి నావికుని వద్ద వేణువు చూసి, దానిపై ఓనీల్ తన ఊరి స్వరాలు వాయించగా, అతడు సంతోషించి తన ఆహారంలో కొంత ఇచ్చాడట.

పోలీసు ఉద్యోగం

అమెరికా చేరిన తరువాత మిస్సోరీ రాష్ట్రంలో కొంతకాలం బడిపంతులుగా పనిచేశాడు. 1870లో అన్నా రోజర్స్‌ను వివాహమాడి, ఆ పిమ్మట షికాగోకు తరలివెళ్ళాడు. 1873లో పోలీసు శాఖలో చేరాడు. చేరిన కొద్ది వారాలకే ఒక దొంగ కాల్చిన తూటా వెన్నెముక సమీపంలో దిగబడింది. దానిని తీయడం సాధ్యం కాకపోవడంతో జీవితాంతం శరీరంలోనే ఉండిపోయింది. అంచెలంచెలుగా ఎదిగి 1901లో శాఖాధిపతి అయ్యాడు. 1903 డిసెంబరు 30న 600 మందికి పైగా మరణించిన ఇరాకోయి నాటకశాల అగ్నిప్రమాదం ఈయన పదవీకాలంలోనే జరిగింది. 1905లో పదవీ విరమణ చేశాడు.

సంగీత సేకరణ

అప్పటి షికాగోలో ఐర్లండు నలుమూలల నుండి వలస వచ్చిన వాద్యకారులు ఉండేవారు. వారి బాణీలలో అధికభాగం కాగితంపై లేక జ్ఞాపకంలోనే ఉండేవి. వారు పోతే అవీ పోయేవే. ఓనీల్ ఒకసారి విన్న బాణీని మరువడు కాని, స్వరలేఖనంలో ఆయనకు నేర్పు లేదు. అందుచేత తాను విన్నవాటిని పోలీసు శాఖలోనే పనిచేస్తున్న, ఇంటిపేరు ఒకటే అయినా బంధుత్వం లేని జేమ్స్ ఓనీల్‌కు వినిపించేవాడు. జేమ్స్ వాటిని స్వరలిపిలో వ్రాసేవాడు.

ఈ కృషి ఫలితంగా 1903లో వెలువడిన "మ్యూజిక్ ఆఫ్ ఐర్లండ్" గ్రంథంలో 1,850 బాణీలు ఉన్నాయి. వీటిలో అంధ వైణికుడు ఓకారొలాన్ రచనలు 75, తిశ్ర నడకను పోలిన డబుల్ జిగ్‌లు 415, చతురశ్ర నడకను పోలిన రీల్‌లు 380. 1907లో నృత్య సంగీతానికే పరిమితమైన 1,001 బాణీల సంపుటం వచ్చింది. వాద్యకారులు దీనిని ప్రామాణికంగా భావించి కేవలం "పుస్తకం" అని వ్యవహరించేవారు. 1913లో వాద్యకారుల జీవిత చరిత్రలను స్వంత ఖర్చుతో ప్రచురించాడు.

అచ్చులో బాణీకి ఒక్క రూపమే నిలుస్తుందనీ, వాద్యకారుల గమకాలు అందులోకి రావనీ విమర్శ ఉన్నది. అయినను ఈ సేకరణ లేకుంటే అనేక బాణీలు నశించి ఉండేవని చరిత్రకారుల అభిప్రాయం.

కుటుంబం

ఓనీల్ దంపతులకు పదిమంది సంతానం. వారిలో పలువురు తల్లిదండ్రుల కన్నుల ముందే మరణించారు. 1904లో కుమారుడు రోజర్స్ మరణం ఆ కుటుంబాన్ని కుంగదీసింది. అటుపిమ్మట ఆ ఇంట సంగీతం వినిపించలేదని చెబుతారు. ఓనీల్ మాత్రం రచనను విడిచిపెట్టలేదు. ఆయన పుస్తకాలలో అధికభాగం ఈ దుఃఖం తరువాత వెలువడినవే.

చివరి రోజులు, స్మృతి

1931లో తన గ్రంథ భాండారాన్ని నోటర్ డామ్ విశ్వవిద్యాలయానికి బహూకరించాడు. 1936లో షికాగోలో మరణించాడు. ఈయన నాటి వాద్యకారుల చేత మైనపు స్తూపాలపై చేయించిన ధ్వనిముద్రణలు కొన్ని 21వ శతాబ్దపు తొలి సంవత్సరాలలో మిల్వాకీ నగరంలో లభించాయి. స్వగ్రామమైన ట్రాలిబేన్‌లో, వేణువు వాయిస్తున్న ఆయన విగ్రహం ఉన్నది.