అమ్మకం కాగితం రాసిన చెయ్యి

ఇంట్లో పనిచేసే నల్లజాతి స్త్రీని అమ్మేశానని, కాగితం రాసిపెట్టమని యజమాని చెప్పాడు. కొన్నాయన అక్కడే ఎదురుచూస్తున్నాడు. గుమాస్తా కుర్రాడికి పాతికేళ్లు కూడా లేవు. చెప్పింది జీతమిచ్చే మనిషి, కొంటున్నది తన మతానికే చెందిన పెద్దాయన. కాదనలేక రాసేశాడు. రాశాక మాత్రం మనసు ఒప్పుకోలేదు. మనుషుల్ని బానిసలుగా ఉంచుకోవడం క్రైస్తవానికి సరిపడదని వాళ్లిద్దరి ముందే చెప్పేశాడు.

ఆ కుర్రాడే జాన్ వుల్మన్. 1720లో న్యూజెర్సీలో ఓ రైతు ఇంట పుట్టాడు. అప్పటికి అమెరికా ఇంకా ఇంగ్లాండు చేతిలోనే ఉంది. వీళ్లది క్వేకర్ల కుటుంబం. పూజారి లేకుండా మౌనంగా కూర్చుని ప్రార్థన చేసుకునే శాఖ అది. యుద్ధాలు వద్దనే ఆ క్వేకర్లలోనూ బానిసల్ని పెట్టుకున్నవాళ్లు బోలెడుమంది!

తర్వాత వుల్మన్ మౌంట్ హోలీలో సొంతంగా కొట్టు నడిపాడు, బట్టలు కుట్టాడు. వ్యాపారం బాగా పెరుగుతుంటే భయపడి, వేరే కొట్లకు వెళ్లమని ఖాతాదారులకు తనే చెప్పి 1756లో దాన్ని వదిలించుకున్నాడు. ఇలాంటి వ్యాపారి ఎక్కడైనా దొరుకుతాడా?

దస్తావేజులు రాయడంలోనూ ఆయనకు మంచి పేరుంది, రాబడీ ఉంది. ఓసారి దెబ్బ తగిలి మంచాన పడ్డ పొరుగాయన వీలునామా రాయమని అడిగాడు. ఇంట్లోని బానిస పిల్ల ఏ బిడ్డకు చెందాలో కూడా చెప్పాడు. వుల్మన్ ఆ ఒక్క ముక్క వదిలేసి మిగతాదంతా రాసుకొచ్చి మంచం పక్కన చదివి వినిపించాడు. మనిషిని బానిసను చేసే రాత తన చేత్తో రాయలేనని, రాసినదానికి కూలి అక్కర్లేదని మెల్లగా చెప్పాడు. ఇద్దరూ దాని గురించి మాట్లాడుకున్నారు. చివరికి ఆ పిల్లను విడిచిపెట్టడానికి పొరుగాయన ఒప్పుకున్నాడు. అప్పుడే వీలునామా పూర్తయింది.

ఆయన పద్ధతంతా ఇదే. కేకలు లేవు, ఇళ్లకు వెళ్లి మాట్లాడటమే. 1746లో దక్షిణాదికి వెళ్లి బానిసల బతుకు చూసొచ్చి రాసిన వ్యాసం 1754లో అచ్చయింది. 1757లో మళ్లీ వెళ్లినప్పుడు, బానిసలు వండి వడ్డించిన ఇళ్లలో ఊరికే తినకుండా వెండి నాణేలు ఇచ్చేవాడు. ఇంటికొచ్చిన చుట్టం భోజనానికి డబ్బులిస్తే ఎలా ఉంటుందో ఆలోచించండి. రంగులు మురికిని దాస్తాయంటూ అద్దకం లేని బట్టలే కట్టాడు. అది చూసి కొందరు సొంతవాళ్లే ఎడంగా ఉన్నారు.

1758లో ఫిలడెల్ఫియాలో జరిగిన క్వేకర్ల వార్షిక సభ, బానిసలున్న సభ్యుల ఇళ్లకు వెళ్లి నచ్చజెప్పడానికి కొందరిని నియమించింది. అందులో వుల్మన్ కూడా ఉన్నాడు. 1772లో ఓడ అడుగు భాగంలో నావికులతో కలిసి ఇంగ్లాండు చేరాడు. గుర్రాల్ని చచ్చేలా తోలుతున్నారని బండి ఎక్కకుండా ఊరూరా నడిచాడు. యార్క్ నగరంలో మశూచి సోకి అదే ఏడాది అక్టోబర్ 7న చనిపోయాడు.

ఆయన డైరీ 1774లో అచ్చయింది. ఆనాడు రాసిన అమ్మకం కాగితం సంగతి అందులో ఉంది. ముందే ఆ పని వద్దని తప్పుకోవాల్సిందని రాసుకున్నాడు. ఆ స్త్రీ పేరు మాత్రం లేదు. బానిసల్ని విడిచిపెట్టని సభ్యుల్ని వెలివేయాలని ఫిలడెల్ఫియా సభ 1776లో తీర్మానించింది.