అనిశ్చిత ఫలము: స్కిన్నరు జీవితము

చేసిన పనికి ఫలము తప్పక లభించునని తెలిసినప్పుడే మనుజుడు శ్రద్ధతో పనిచేయునని లోకము తలచుచుండును. ఫలము ఎప్పుడు వచ్చునో తెలియనిచోటనే పని విడువక సాగునని ప్రయోగములచే చూపినవాడు అమెరికా దేశపు మనశ్శాస్త్రవేత్త బి. ఎఫ్. స్కిన్నరు. ఆ సత్యము ఆయనకు దొరకిన తీరును, దానియెడ ఆయన నడచుకొన్న తీరును రెండును ఆలోచింపదగినవి.

స్కిన్నరు 1904 మార్చి 20వ తేదీన పెన్సిల్వేనియా రాష్ట్రమందలి సస్క్వెహానా అను చిన్న పట్టణమున జన్మించెను. తండ్రి న్యాయవాది. బాల్యమునుండియు చేతికందిన వస్తువులతో యంత్రములు కల్పించుట ఆయనకు వేడుక. అయినను హామిల్టన్ కళాశాలలో ఆంగ్ల సాహిత్యము చదివి, రచయిత కావలెనని సంకల్పించెను. ఆయన పంపిన కథలను చూచి కవి రాబర్టు ఫ్రాస్టు మెచ్చుకొనుచు లేఖ వ్రాసెను. ఆ ఒక్క లేఖ ఇచ్చిన ధైర్యముతో, 1926లో పట్టభద్రుడైన పిదప, స్క్రాంటన్ నగరమున తల్లిదండ్రుల ఇంట కూర్చుండి రచనకు పూనుకొనెను. ఏడాది గడచినను చెప్పుకొనదగినది ఏదియు వెలువడలేదు. ఆ నిరాశలో రసెల్, వాట్సన్, పావ్లోవుల గ్రంథములు ఆయనను వేరొక దారికి మళ్లించినవి. 1928లో హార్వర్డు విశ్వవిద్యాలయమున చేరి, 1931లో డాక్టరు పట్టము పొందెను.

అచ్చట ఆయన చేతిపనితనము అక్కరకు వచ్చెను. ఒక పెట్టెలో ఆకలిగొన్న ఎలుకనుంచి, అది మీట నొక్కినప్పుడెల్ల ఒక మేత గుళిక పడునట్లును, ఆ నొక్కిన లెక్క కాగితముపై గీతగా దిగునట్లును ఏర్పాటు చేసెను. గుళికలు ఆయనే తయారుచేసుకొనవలసి యుండెను. ఎలుకలు ఎనిమిది, ఒక్కొక్కటి దినమునకు నూరు గుళికలు తినును. ఒక శనివారము మధ్యాహ్నము లెక్క చూడగా, సోమవారము ఉదయమునకే నిల్వ అయిపోవునని తేలెను. సెలవుపూట గుళికలు చేయుచు కూర్చుండుటకు మనసొప్పక, నొక్కిన ప్రతిసారియు గాక, నిమిషమునకు ఒక్క గుళిక మాత్రము పడునట్లు మార్చెను. ఎలుకలు పని మానలేదు సరికదా, నిలుకడయైన వేగముతో మీట నొక్కుచునే యుండెను. లేమివలన పుట్టిన పొదుపు శాస్త్రమునకు కొత్త ద్వారము తెరచినది.

తరువాతి కాలమున పావురములతో సాగించిన దీర్ఘ ప్రయోగములను, చార్లెస్ ఫెర్‌స్టరుతో కలిసి, 1957లో గ్రంథముగా ప్రకటించెను. ఇన్నిసార్లు ముక్కుతో పొడిచినచో మేత అని లెక్క స్థిరమైనప్పుడు, మేత అందిన వెంటనే పక్షి కొంత తడవు ఆగును. ఆ లెక్క మాటిమాటికి మారుచుండినచో అట్టి విరామ మంతగా కానరాదు. తరువాతి పోటే ఫలించునేమో అన్నట్లు పొడుచుచునే యుండును. పిదప మేత పూర్తిగా నిలిపివేసినను, వేలకొలది సారులు పొడిచి గాని విడువకపోవచ్చును. ప్రతిసారియు ఫలము పొంద అలవడిన ప్రాణియో, అది ఆగిన కొలదికాలమునకే విరమించును.

జూదగాని బంధించునది ఇదియేయని స్కిన్నరు గుర్తించెను. అప్పుడప్పుడు వచ్చు గెలుపు ఎన్నియో ఓటములను దాటించి, ఇల్లు గుల్లయగువరకు వానిని కూర్చుండబెట్టును. పరిశోధకుని ఏండ్ల తరబడి నిలుపునదియు ఆ సూత్రమే. అల్పమైన కూలితో అధికమైన పని రాబట్టుటకును అది పనికివచ్చును. కనుక ఎవరు, ఎవరి మేలునకై దానిని వాడుచున్నారన్నదియే ప్రశ్న. విద్యావిషయమున ఆయన మార్గము స్పష్టము: మొదట తరచుగా, నిశ్చయముగా ఫలమిచ్చి, పిదప మెల్లమెల్లగా ఎడము పెంచవలెను. తొలినాడే ఎడము పెరిగినచో విద్యార్థి పట్టుదల నేర్వడు, పుస్తకము మూయును. ఒక్క లేఖ వెనుక ఏడాది మౌనము నెరిగిన యువకుని జీవితమే దీనికి నిదర్శనము.

రచన ఆయనను పూర్తిగా విడువలేదు. 1948లో ‘వాల్డెన్ టూ’ అను నవల ప్రకటించెను. మొదట పాఠకులు అంతగా పట్టించుకొనలేదు. 1960 తరువాత అది విశేషాదరణ పొందెను. స్వతంత్ర మానవుడను భావన శాస్త్రమునకు నిలువదని వాదించిన 1971 నాటి గ్రంథము తీవ్రవిమర్శలకు గురియైనది. మెప్పు వచ్చినను, నింద వచ్చినను ఆయన తెల్లవారుజామున నిర్ణీతవేళకు బల్లవద్ద కూర్చుండి వ్రాయుచు, వ్రాసిన కాలమును గీతగా గుర్తించుకొనుచుండెను. 1990 ఆగస్టు 18న రక్తపు కేన్సరుతో మరణించుటకు ముందు దినము వరకును ఒక వ్యాసమును సవరించుచునే యుండెను.

అనిశ్చిత ఫలపు బలమును లోకమునకు చూపిన ఆ మనీషి తన రచనను మాత్రము దాని దయకు వదలలేదు. దినదినము తప్పక పెరుగు ఆ చిన్న గీతను తనకు తానే ఫలముగా ఏర్పరచుకొనెను.